పొట్టేళ్ల టీము ఊరు మారింది

జనవరి 17

నన్ను ఆసుపత్రి మంచం మీద వదిలేసి టీము గుత్తికి పోయింది. పోతే పోయింది. పోతా పోతా నా పేరు మీద మన్ను పోసి పోయింది.

ఈ పొద్దు ఫోన్లో చూసినా. మా ఓనరు విజయభాస్కర్ గుత్తి కోట కింద మైకు పట్టుకొని నిలబడినాడు. మెడలో పూలమాల. ఎనక కొత్త బ్యానరు, 'గుత్తి పొట్టేళ్లు' అని. వీడియో తీసే పాప అడిగింది, "సార్, మీ పాత కెప్టెన్ ఓబుళేసు కనపడలేదే?" అని. నవ్వినాడు నా కొడుకు.

"ఓబుళేసా? ఒక్క దెబ్బకు భయపడి పారిపోయినాడమ్మా. గొర్రెలు కాసేటోనికి హెల్మెట్ పెడితే సింహమైతాడా?"

పక్కనున్నోళ్లంతా నవ్వినారు.

కాలర్ బోన్ రెండు ముక్కలై, చేతికి జోలె కట్టుకొని పండుకున్నోడు పారిపోయినాడంట! ధర్మవరంలో ఆ దెబ్బ ఎవురి కోసరం తిన్నా నేను? నీ టీము కోసరం కాదారా?

రాసి పెడతాండా. ఆ నోటితోనే, ఆ మైకులోనే, నలుగురి ముందర "ఓబుళేసు పారిపోలేదు" అని వాని చేత చెప్పిస్తా. చెప్పించకపోతే నేను మా నాయనకు పుట్టలేదు.

కుడిచెయ్యి లేవదు. ఎడమచేత్తో రాస్తాండా. సువర్ణ చూసి, కోడి కెలికినట్లుండాది అనింది. నా పెండ్లాము కాబట్టి ఊరుకున్నా.

జనవరి 19

మొదటినుంచి రాయాల. లేకపోతే వాడు చెప్పిందే నిజమైపోతాది.

విజయభాస్కర్‌ది బోరు బండ్ల వ్యాపారం. వానికి తెలిసిన పని ఒకటే. పాయింటు చూపించుకో, బండి నిలబెట్టు, నీళ్లు పడక దుమ్ము లేస్తే బండి ఎత్తి ఇంకో పాయింటుకు పో. బెంగుళూరులో ఎవురో అమెరికా ఫుట్‌బాల్ లీగు పెడతాండారంటే ఈయప్ప ఒక టీము తీసుకున్నాడు. కాలితో తన్నే ఆట కాదు అది. కోడిగుడ్డు మాదిరి బంతిని చంకలో ఇరికించుకొని ఉరకాల, అడ్డమొచ్చినోన్ని గుద్ది పడెయ్యాల. కబడ్డీ ఆడినోళ్లు చాలు అని మమ్మల్ని ఏరినాడు. సగం మంది గొర్లోళ్ల పిల్లోళ్లమే. ముదిగుబ్బ దగ్గరోడు నేనొకడు, మడకశిర పక్కోడు తిప్పేష్ ఒకడు.

యా ఊర్లో దిగాల అనేది గూడా బోరు మాదిరే చూసినాడు. వానికి పాయింట్లు చూసే మద్దిలేటి మామ అరచేతిలో టెంకాయ పండబెట్టుకొని గ్రౌండ్లన్నీ నడిచినాడు. కింద నీళ్లుంటే కాయ దానంతటదే లేచి నిలబడతాది, మా పక్క అందురూ నమ్మేదే. నీళ్లకు చూసేది టీముకు చూపించినాడు. మడకశిరలో కాయ లేచింది. 'మడకశిర పొట్టేళ్లు' అయినాము. జనం రాలేదు. కదిరిలో కాయ లేచింది, ఆడికి పోయినాము. ఏండ్ల తరబడి వాన లేని ఊర్లో సరిగ్గా మా ఆట రోజే వాన కొట్టింది. గ్రౌండంతా బురద. కాయ చెప్పింది నిజమే గదా అని మద్దిలేటి మామ మీసం తిప్పినాడు.

ఆడినుంచి ధర్మవరం. ఊరు మారినప్పుడల్లా కొత్త జెర్సీ ఇచ్చేటోడు కాదు. పాత ఊరి పేరు మీద కొత్త ఊరి పేరు అంటించేటోడు. చెమటకు అది ఊడిపోయేది. సగం ఆటకంతా మళ్లా మడకశిరోళ్లం అయిపోయేటోళ్లం. జనం నవ్వేటోళ్లు.

ఇంతా చేసి ఆ టీముకు ఆట వచ్చిందంటే నా వల్ల. బెంగుళూరు కోచ్ ఇంగ్లీషులో నంబర్లు చెప్పి, ఈ నంబరుకు ఇటు తిరగండి, ఆ నంబరుకు అటు తిరగండి అనేటోడు. ఎవునికీ గుర్తుండేది కాదు. ఒకడు ఇటు, ఒకడు అటు. ఒకరోజు నాకు తిక్క లేచి గొర్లకు అరిసినట్ల అరిసినా. నాలుక ఆడించి "ట్రుర్ర్" అంటే కుడిపక్క. "హేయ్హో" అంటే ఎడమపక్క. అంతే! టీమంతా ఒక్క మందగా తిరిగింది. చిన్నప్పటినుంచి చెవిలో పడిన అరుపు, బుర్ర దాకా పోదు, నేరుగా కాళ్లలోకి పోతాది. కోచ్ నోరు తెరిచినాడు. "ఓబుళేసు గొంతు వినపడితే ఆలోచన చేయొద్దు, తిరగండి" అని ఆ పొద్దునుంచి అదే ఆర్డరు.

అట్లాంటి గొంతును వదిలేసి పోయినారు.

జనవరి 20

తిప్పేష్ ఫోన్ చేసినాడు. ఎత్తలేదు.

జనవరి 27

తిప్పేష్‌ను కెప్టెన్ చేసినారు. నా జెర్సీ వేసుకున్నాడు. నా అరుపులు అరుస్తాండాడు. మడకశిరలో నా కంచంలో తిన్నోడు. పండుకునేటప్పుడు "అణ్ణా, నిద్ర పట్టిందా" అని అడిగి పండుకునేటోడు.

సరే. పేరు రాసుకున్నా. విజయభాస్కర్ కింద వాని పేరు.

ఫిబ్రవరి 2

మళ్లా ఫోన్. ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. సువర్ణ గిన్నెలు తోముతా, "ఎత్తి తిట్టన్నా తిట్టు, అది మోగితే నువ్వు దాన్ని పాముని చూసినట్ల చూస్తాండావు" అనింది.

ఫిబ్రవరి 11

గుత్తిలో పని ఉండి పోయినా. ఆధార్‌లో ఫోన్ నంబరు మార్చుకునేది. పనిలో పనిగా గ్రౌండు పక్క పోయినా.

తలకు టవల్ చుట్టుకొని దూరంగా నిలబడినా. చూసేటోళ్లకంటే ఆడేటోళ్లే ఎక్కువ ఉండారు. తిప్పేష్ "హేయ్హో" అని అరిసినాడు. గొంతు తేలిపోయింది, గాలికి సగమే పోయింది. ఎడమ చివరోడు తిరగలేదు. ఒరే, కడుపులోనుంచి రావాలరా అది, గొంతులోనుంచి కాదు! ఎన్నిసార్లు చెప్పినా నీకు? నా నోటి దాకా వచ్చింది అరుపు. మింగేసినా.

ఓడిపోయినారు. సంతోషమైంది. మస్తు సంతోషమైంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కండ్లలో దుమ్ము పడి ఊరు దాకా నీళ్లు కారతానే ఉండాయి.

ఫిబ్రవరి 12

ఆధార్ కార్డు ఇంట్లోనే మరిచిపోయినావు, ఏం మార్చుకొచ్చినావు అని సువర్ణ అడిగింది. 

ఇన్ని రోజులైంది, తిప్పేష్ నా కొడుకు మళ్లా ఒక్క ఫోన్ కూడా చేయలేదు.

మార్చి 3

గుత్తిలో గూడా దుమ్మే లేచింది. విజయభాస్కర్ మళ్లా కొత్త పాయింటు చూడమన్నాడంట. మద్దిలేటి మామ మాకు దూరపు చుట్టం. ఇంటికి పిలిచి, కోడి కోసి పెట్టినాము.

తిన్నంక అడిగినా. "మామా, ఈ తూరి ముదిగుబ్బలో కాయ లేయాల."

మామ చెయ్యి కడుక్కుంటా కడుక్కుంటా ఆగినాడు. "ఏమప్పా, నేనేమన్నా కాయను లేపేటోన్నా? దేవుడు లేపుతాడు."

"దేవుడు లేపనీ. నువ్వు చెయ్యి అడ్డం పెట్టొద్దు అంతే."

"ఇదంతా యాలప్పా నీకు? వదిలేసిపోయినోళ్లను ఊర్లోకి తెచ్చుకొని మంగళారతి పడతావా?"

"పడతా. వాళ్లకు జన్మంతా గుర్తుండేటట్ల పడతా."

మామ చెయ్యి తుడుచుకున్నాడు. "కోడికూర బాగుండాది అమ్మా" అని సువర్ణతో చెప్పి లేచిపోయినాడు. కాదనలేదు, ఔననలేదు.

మార్చి 9

ముదిగుబ్బలో కాయ నిలబడింది!

నేను పోయి చూసినా. ఊరి బయట, మా గొర్లు మేసే బీడుకు ఆనుకొని ఉండే గ్రౌండు. మామ చెప్పులు విడిచి, కండ్లు మూసుకొని నడిచినాడు. నడిమిట్లోకి వచ్చేసరికి కాయ నిటారుగా లేచింది. విజయభాస్కర్ చేతులెత్తి మొక్కినాడు. మామ నా పక్క చూడలేదు. నేనూ ఏమీ అడగలేదు. దేవుడే నా పక్కనుండాడు అనుకున్నా.

విజయభాస్కర్ నన్ను చూసి చెయ్యి ఊపినాడు. "ఏం ఓబుళేసూ, బాగుండావా? ఆటకు రా, ముందర కుర్చీ వేయిస్తా" అన్నాడు. అంతే. నన్ను ఏమన్నాడో వానికి గుర్తు గూడా లేదు. మండింది నాకు. అరికాలి నుంచి నడినెత్తి దాకా మండింది.

మార్చి 15

జోలె తీసేసినారు. చెయ్యి సగమే లేస్తాది. గొంతు మాత్రం బాగుండాది.

ఉపాయం తట్టింది. రాయను. రాస్తే చేదు పోతాది.

మార్చి 16

రాస్తా. రాయకపోతే నిద్ర పట్టేటట్ల లేదు.

ఆట రోజు మంద తోలుకొని గ్రౌండు పక్క బీట్లోనే ఉంటా. గొర్లు కాసుకునేటోడు గొర్లకు అరుచుకుంటాడు, ఎవురు కాదంటారు? తిప్పేష్ ఎడమ అని అరిసినప్పుడు నేను కుడి అని అరుస్తా. పదకొండు మంది నడిమిట్లో చీలిపోతారు. లీగోళ్లంతా ఉంటారు, ఫోన్లు పట్టుకొని జనం ఉంటారు. విజయభాస్కర్ మొగం ఆ పొద్దు చూడాల.

సువర్ణకు చెప్పినా. నవ్వుతాదనుకుంటి. నవ్వలేదు.

"వాళ్లు ఓడిపోతే నువ్వు పారిపోలేదని ఎట్లయితాది?" అనింది.

ఆడోళ్లకు ఇవి అర్థం కావు.

మార్చి 24

అయిపోయింది.

ముదిగుబ్బ జనం మొత్తం వచ్చినారు. ఇన్ని ఊర్లు తిరిగి ఆ టీముకు ఎప్పుడూ రానంత మంది. సొంతూరోళ్లు, ఆట తెలవకపోయినా ఈలలు వేసినారు. పొట్టేళ్లు బాగా ఆడతాండారు గూడా. ఇంగ ఒక్క ఉరుకు ఉరికితే గెలుస్తారు అనే కాడికి వచ్చింది.

వరుసగా వంగి నిలబడినారు. తిప్పేష్ నిక్కి "హేయ్హో" అన్నాడు. ఈసారి కడుపులోనుంచే వచ్చింది, గట్టిగా.

నేను బండ మీద నిలబడి "ట్రుర్ర్" అన్నా.

నా గొర్లు కుడికి తిరిగినాయి. గ్రౌండులో గూడా కుడికి తిరిగినారు. అందురూ కాదు, సగం మంది. తిప్పేష్ గూడా తిరిగినాడు. ఎడమ అని అరిసినోడు వాడే, బంతి చంకలో పెట్టుకొని కుడికి తిరిగినోడు వాడే! ఆ పక్క వాన్ని కాపాడేటోడు ఒక్కడు లేడు. అవతలోళ్లు ఇద్దరు వచ్చి మోకాలి మీద పడినారు. ఆ శబ్దం బీడు దాకా వినపడింది.

జనం నవ్వినారు మొదట. తర్వాత నవ్వలేదు.

నేను మంద తోలుకొని ఇంటికొచ్చినా. ఎవురూ నా పక్క చూడలేదు. గొర్లోడు గొర్లకు అరిసినాడు, అంతే గదా.

గెలిచినా. విజయభాస్కర్ కుర్చీలో నుంచి లేసి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు, కండ్లారా చూసినా. ఇంగ ఏం కావాల నాకు?

సంగటి తినబుద్ధి కాలేదు. ఎండకు తిరిగినా గదా, దానికి.

మార్చి 25

నేను అడగలేదు. విజయభాస్కరే ఇంటికొచ్చినాడు. కారు, ఎనక వ్యాను, ఫోన్లు పట్టుకొని కుర్రోళ్లు, అదే మైకు.

మా వాకిట్లో నిలబడి నా భుజం మీద చెయ్యేసి చెప్పినాడు, "ఓబుళేసు పారిపోలేదు. మా టీములో అసలైన మగోడు వీడొక్కడే. ఎముక ఇరిగినా నిలబడినోడు. నాకు తప్పుడు మాట చెప్పినారు, నేను నమ్మినా. రేపటినుంచి ఓబుళేసే మళ్లా మా కెప్టెన్!"

మా ఈధి మొత్తం చూసినారు. మా అమ్మ ఏడ్చింది. మాట మాటా నేను అడిగినట్లే ఉండాది, రాసిచ్చినా అంత బాగా చెప్పడు.

అంతటితో ఆపింటే బాగుండు. ఎవురో, "మరి తిప్పేష్ సంగతేంది, సార్?" అని అడిగినారు.

"వాడు అమ్ముడుబోయినాడప్పా. ఎడమ అని అరిసి కుడికి పోతాడా ఎవుడన్నా? అవతలోళ్లతో మాట్లాడుకొని ఆటను అమ్మినాడు. అట్లాంటోనికి నా టీములో చోటు లేదు."

పక్కనున్నోళ్లంతా తలలు ఊపినారు. నా భుజం మీద వాని చెయ్యి ఇంగా అట్లనే ఉండాది. బరువుగా ఉండె. నేను నోరు తెరవలేదు. మైకు నా మూతి ముందరే ఉండె.

రేపు పొద్దున బస్సు. కాయ హిందూపురంలో నిలబడిందంట. 'హిందూపురం పొట్టేళ్లు'.

సువర్ణ నా బట్టలు మడత పెట్టింది. "ఏమన్నా అను" అంటే, "నువ్వు అనుకున్నది అయింది గదా, పోయిరా" అనింది.

మార్చి 26

తిప్పేష్‌ను పెట్టిన ఆసుపత్రి కదిరిలో. హిందూపురం పోయే మా టీము బస్సు ఆ దావనే పోతాది. బస్సు ఆపించి, ఒక్క నిమిషం చూసొస్తా అని చెప్పి పైకి పోయినా. చూసేది దేనికంటే, నేను పండుకున్నప్పుడు వాడు రాలేదు, నేను మాత్రం వచ్చినా అని వానికి తెలియాల. అట్ల చెప్పుకుంటా మెట్లెక్కినా.

వాని కాలికి తొడ నుంచి మడమ దాకా కట్టు. ఇంగ ఆట లేదని డాక్టరు చెప్పినాడంట. నన్ను చూసి లేయబోయినాడు.

"అణ్ణా! వచ్చినావా?"

"వచ్చినా."

"ఎన్ని తూర్లు ఫోన్ చేసినా నీకు. నువ్వు ఎత్తలేదు. జెర్సీ వేసుకునేదా వద్దా అని అడుగుదామని చేసినా మొదట. నువ్వు వద్దంటే వేసుకునేటోన్ని కాదు."

నేను కిటికీ పక్క చూసినా. ఏమన్నా మాట్లాడాల గదా అని, "ఎట్ల జరిగిందిరా ఇది" అంటి. ఎంత సిగ్గులేని నోరు నాది.

"నువ్వు అరిసినావు గదణ్ణా" అన్నాడు.

వాని మొగంలో కోపం లేదు. అదే నన్ను చంపింది.

"తెలుసా నీకు?"

"నీ గొంతు తెలవదా నాకు? బండ మీదనుంచి వచ్చింది. నేను ఎడమ అంటి, నువ్వు కుడి అంటివి. నాకు కనపడంది నీకు ఏందో కనపడింది అనుకుంటి. అణ్ణ మళ్లా వచ్చేసినాడు టీములోకి అనుకుంటి. కాళ్లు తిరిగిపోయినాయి." తల ఎత్తి అడిగినాడు. "ఏం కనపడిందణ్ణా నీకు ఆ పక్క?"

ఏం చెప్పాల వానికి? ఆ పక్క ఏమీ లేదురా, నా కుళ్లు తప్ప అని చెప్పాలనా?

చెప్పినా. అన్నీ చెప్పినా. కాయ సంగతి, బీటి సంగతి, కావాలనే అరిసింది, నిన్న వాకిట్లో మైకు ముందర నోరు మూసుకున్నది. వాడు పైకప్పు పక్క చూస్తా విన్నాడు. తిట్టలేదు. నీళ్ల చెంబు కావాలన్నట్ల చెయ్యి చాపినాడు, అందిస్తే తాగలేదు. అట్లనే పట్టుకున్నాడు.

కింద బస్సు హారను కొట్టింది.

"బస్సు నీ కోసరమే ఆగిండాదా?" అన్నాడు.

"ఊ."

"పో అయితే. కెప్టెన్ లేకుండ ఎట్ల పోతారు" అని మొగం గోడ పక్కకు తిప్పుకున్నాడు.

మంచం పక్కన ఇనుప కుర్చీ ఉండాది. కూచున్నా. హారను మళ్లా కొట్టినారు, మళ్లా కొట్టినారు. విజయభాస్కర్ ఫోన్ చేసినాడు. ఎత్తి చెప్పినా. "గ్రౌండులో అరిసింది నేను. తిప్పేష్ ఆట అమ్మలేదు. ఇదే మాట మైకులో చెప్పు, లేకపోతే నేనే చెప్తా."

నవ్వినాడు. "అబ్బా, ఏం గొంతు ఓబుళేసూ నీది! అట్లాంటిది మన పక్కనుంటే ఇంగేం కావాల? రా, రా, బస్సెక్కు" అన్నాడు.

ఫోన్ పెట్టేసినా. బస్సు పోయింది.

తిప్పేష్ ఇంగా గోడ పక్కకే తిరిగుండాడు. వాని తావ కూచొనే ఇది రాస్తాండా. సాయంత్రానికంతా హిందూపురంలో మైకు పెడతారు, పూలమాల వేస్తారు. ఓబుళేసు మళ్లా పారిపోయినాడు అంటాడు విజయభాస్కర్. అననీ.